బీపీ మాత్ర మానితే కిడ్నీకే ముప్పు

* సుగ్గికి వెళ్లేవారు మందులు వెంట ఉంచుకోవాలి
* ఉప్పు, నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్త తప్పనిసరి
* ఏడాదికోసారి రెండు పరీక్షలతో ముందే పసిగట్టవచ్చు

సి.బెళగల్: ఖరీఫ్ పంట ఇంటికి చేరగానే జిల్లా పశ్చిమ ప్రాంత పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతాలతోపాటు సి.బెళగల్ మండలం నుంచి కూడా కూలీ కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు సుగ్గికి తరలిపోతాయి. బియ్యం, జొన్నలు, వంట పాత్రలు అన్నీ మూటల్లోకి చేరతాయి. చాలామంది మరిచిపోయేది బీపీ మాత్రలనే. వెంట తీసుకెళ్లిన నెల రోజుల మందు అయిపోతే మళ్లీ ఊరికి వచ్చే వరకు మాత్ర లేకుండానే గడుస్తుంది. ఒంట్లో ఏ బాధా కనిపించదు కాబట్టి మానేసినా ఫర్వాలేదనే ధీమా కలుగుతుంది. మూత్రపిండాలు ఇప్పటికే కొంత దెబ్బతిని ఉన్నవారికి ఈ రెండు మూడు నెలల విరామం తీరని నష్టం కలిగించవచ్చు.

అధిక రక్తపోటు, మూత్రపిండాల దీర్ఘకాలిక జబ్బు ఒకదాన్ని మరొకటి పెంచుకుంటూ పోతాయి. బీపీ వల్ల కిడ్నీ దెబ్బతింటుంది. దెబ్బతిన్న కిడ్నీ బీపీని మరింత పెంచుతుంది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా నిర్వహించి 2023లో వెల్లడించిన అధ్యయనంలో 35.5 శాతం వయోజనులకు అధిక రక్తపోటు ఉన్నట్లు తేలింది. అంటే ప్రతి ముగ్గురు పెద్దవారిలో ఒకరికి పైగానే. వీరిలో ఎవరి కిడ్నీకి ముప్పు పొంచి ఉందో తెలుసుకోవడానికి పెద్ద ఆసుపత్రులకే పరుగెత్తనవసరం లేదు.

జల్లెడ చిరిగితే..

ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత విభాగాలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో వెంట్రుక కంటే సన్నని రక్తనాళాల చుట్ట ఒకటి ఉంటుంది. రక్తం ఇందులో నుంచి వెళ్లేటప్పుడు వ్యర్థాలు, అదనపు నీరు, ఉప్పు కిందికి దిగుతాయి. మాంసకృత్తులు, రక్తకణాలు పైనే నిలిచిపోతాయి. ఇంట్లో పిండి జల్లించే జల్లెడ వంటిదే ఈ ఏర్పాటు.

రక్తపోటు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ సున్నితమైన నాళాలు గట్టిపడి మూసుకుపోతాయి. మిగిలిన నాళాలపై భారం పెరుగుతుంది. వాటి రంధ్రాలు పెద్దవై ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది. మూత్రంలో నురగ ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

మరోవైపు, వడపోత తగ్గిన కిడ్నీ ఉప్పును, నీటిని పూర్తిగా బయటికి పంపలేదు. అవి రక్తంలోనే నిలిచి ఒత్తిడిని పెంచుతాయి. తనకు రక్తం చాలడం లేదన్న సంకేతంగా కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దీని ప్రభావంతో శరీరమంతటా రక్తనాళాలు బిగుసుకుంటాయి. 1934లో అమెరికా శాస్త్రవేత్త హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల్లో కిడ్నీకి వెళ్లే ధమనిని కొద్దిగా నొక్కి ఉంచి, రక్తపోటు పెరగడాన్ని నిరూపించారు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఒక మాత్రతో బీపీ లొంగకపోవడానికి, రెండు మూడు రకాల మందులు అవసరం కావడానికి కారణం ఇదే.

ఉద్దానంతో పోలిక ఎంతవరకు?

రాష్ట్రంలో కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో కారణం స్పష్టంగా తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అక్కడి బాధితుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అక్కడ చాలామందికి మధుమేహం గానీ, ఎక్కువ కాలంగా బీపీ గానీ లేకుండానే జబ్బు మొదలవుతోంది. దేశంలో మిగిలిన చోట్ల ఎక్కువగా కనిపించేది మధుమేహం, అధిక రక్తపోటు వల్ల వచ్చే కిడ్నీ జబ్బే. ఉద్దానం జబ్బుకు మూలం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. బీపీ, షుగర్ వల్ల వచ్చే జబ్బుకు కారణం తెలుసు, నెమ్మదింపజేసే మందులూ ఉన్నాయి. చేతిలో ఉన్న ఈ అవకాశాన్ని వదులుకోకూడదు.

రెండే పరీక్షలు

కిడ్నీ జబ్బు చాప కింద నీరులా విస్తరిస్తుంది. కాళ్ల వాపు, ఉదయం లేవగానే ముఖం ఉబ్బడం, ఆయాసం, ఆకలి మందగించడం వంటివి కనిపించేసరికి చాలా వరకు నష్టం జరిగిపోతుంది. అందుకే బీపీ, షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏ బాధా లేకున్నా ఏడాదికోసారి రెండు పరీక్షలు చేయించుకోవాలి.

మొదటిది రక్తంలో క్రియాటినిన్. ఈ అంకె ఒక్కటే చూసి సంతృప్తి పడరాదు. వయసు, స్త్రీ పురుష భేదం కలిపి లెక్కించే వడపోత సామర్థ్యాన్ని, అంటే ఈజీఎఫ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోవాలి. ఉదాహరణకు క్రియాటినిన్ 1.4 ఉన్న 25 ఏళ్ల యువకుడి సామర్థ్యం సుమారు 71 వస్తుంది. అదే 1.4 ఉన్న 60 ఏళ్ల మహిళకు సుమారు 43 మాత్రమే. రిపోర్టులో ‘కొంచెం ఎక్కువ’ అని కొట్టిపారేసిన అంకె ఆమె విషయంలో మూడో దశ జబ్బుకు గుర్తు కావచ్చు.

రెండోది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. ఇది 30 లోపు ఉండాలి. 30 నుంచి 300 వరకు ఉంటే జల్లెడ దెబ్బతింటోందని, 300 దాటితే నష్టం ఎక్కువగా ఉందని అర్థం. ఈ సౌకర్యం లేనిచోట మూత్రంలో ముంచి చూసే పట్టీతోనైనా ప్రాథమికంగా తెలుసుకోవచ్చు. ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగా గానీ, ఆల్బుమిన్ ఎక్కువగా గానీ మూడు నెలలకు పైగా కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా నిర్ధారిస్తారు. ఈజీఎఫ్‌ఆర్ 30 నుంచి 59 వరకు మూడో దశ, 15 నుంచి 29 వరకు నాలుగో దశ, 15 కంటే తగ్గితే ఐదో దశ. నాలుగో దశకు రాకముందే కిడ్నీ వైద్య నిపుణుడిని ఒక్కసారైనా కలవడం మేలు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది.

బీపీ ఎంత ఉండాలి?

సాధారణంగా 140/90 దాటితే అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ హద్దు సరిపోదు. 130/80 లోపు ఉంచుకోవడం ఎక్కువమందికి ఆచరణలో సాధ్యమయ్యే లక్ష్యం. కిడ్నీ వైద్యంపై ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కేడిగో 2021లో మరో అడుగు ముందుకేసి, భరించగలిగిన వారిలో పై అంకెను 120 లోపు ఉంచాలని సూచించింది. డయాలసిస్‌పై ఉన్నవారికి ఇది వర్తించదు.

ఈ సూచనకు ఆధారం అమెరికాలో 9,361 మందిపై జరిపి 2015లో ఫలితాలు ప్రకటించిన స్ప్రింట్ అధ్యయనం. పై అంకెను 120 లోపు ఉంచే లక్ష్యంతో చికిత్స పొందినవారిలో గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి. అందులో మధుమేహం ఉన్నవారిని చేర్చుకోలేదు. పైగా అక్కడ బీపీని ప్రశాంతమైన గదిలో అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఒకటికి మూడుసార్లు చూసి లెక్కించారు. రద్దీగా ఉన్న ఓపీలో నిలబెట్టి చూసిన అంకెతో దీన్ని పోల్చలేం. వృద్ధులకు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవారికి లక్ష్యాన్ని సడలించాల్సి ఉంటుంది. ఎవరి హద్దు ఎంతో వైద్యుడిని అడిగి మందుల చీటీపైనే రాయించుకోవడం మంచిది.

కొలిచే పద్ధతి ముఖ్యం

సరిగా చూడకపోతే బీపీ అంకె పదీ ఇరవై తేడాతో వస్తుంది. అవసరం లేని మందు పెరగడమో, అవసరమైన మందు అందకపోవడమో జరుగుతుంది.

* చూపించుకోవడానికి అరగంట ముందు టీ, కాఫీ, బీడీ, సిగరెట్ మానాలి. మూత్రవిసర్జన చేసి రావాలి.
* వీపు ఆనించి, పాదాలు నేలపై పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి.
* చేతిని బల్లపై గుండె ఎత్తులో ఉంచాలి. పట్టీని చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టాలి. లావు చేతులకు పెద్ద పట్టీ వాడాలి.
* నిమిషం వ్యవధితో రెండుసార్లు చూసి సగటు రాసుకోవాలి.
* ఇంట్లో యంత్రం ఉంటే మణికట్టుది కాకుండా భుజం కింద చుట్టేది ఎంచుకోవాలి. ఆసుపత్రికి వెళ్లే ముందు వారం రోజులు ఉదయం, సాయంత్రం చూసి తేదీలతో సహా చిన్న పుస్తకంలో రాసి వైద్యుడికి చూపాలి.

ఏ మందు ఎందుకు?

మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నవారికి సాధారణంగా మొదట ఇచ్చేవి ఎనలాప్రిల్, రామిప్రిల్ తరగతి మందులు లేదా లోసార్టాన్, టెల్మిసార్టాన్ తరగతి మందులు. ఇవి బీపీని తగ్గించడంతోపాటు వడపోత నాళాల లోపలి ఒత్తిడిని కూడా తగ్గిస్తాయి. మొదటి తరగతి మందుతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. అప్పుడు రెండో తరగతికి మారుస్తారు. రెండింటినీ కలిపి వాడకూడదు. గర్భిణులు, గర్భం దాల్చాలనుకునేవారు వీటిని వాడరాదు. ఆ విషయం వైద్యుడికి ముందే చెప్పి వేరే మందు రాయించుకోవాలి.

ఈ మందులు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరగడం సహజం. 30 శాతం వరకు పెరిగినా మందు కొనసాగిస్తారు. అంటే 1.5 ఉన్నవారికి సుమారు 1.9 వరకు రావచ్చు. ‘మాత్ర వేసుకున్నాకే కిడ్నీ చెడిపోయింది’ అని భయపడి సొంతంగా ఆపేస్తే దీర్ఘకాలంలో కిడ్నీకి దక్కే రక్షణ కోల్పోతారు. అంతకు మించి పెరిగినా, పొటాషియం 5.5 దాటినా వెంటనే వైద్యుడిని కలవాలి.

బీపీ లొంగకపోతే ఆమ్లోడిపిన్ జత చేస్తారు. దీనితో కొందరికి పాదాలు వాస్తాయి. ప్రతి కాళ్ల వాపూ కిడ్నీ చెడిందనడానికి గుర్తు కాదు. నీరు, ఉప్పు బయటికి పోవడానికి క్లోర్‌థాలిడోన్, ఫ్యూరోసమైడ్ వంటి మందులు ఇస్తారు. వీటిని ఉదయమే వేసుకుంటే రాత్రి పదేపదే లేవాల్సిన ఇబ్బంది ఉండదు.

షుగర్ కోసం వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ తరగతి మందులు షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేస్తాయని 2020లో వెల్లడైన పరిశోధనలో తేలింది. 4,304 మందిపై జరిగిన ఆ అధ్యయనంలో కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, డయాలసిస్ వరకు వెళ్లడం, గుండె లేదా కిడ్నీ కారణంగా మరణించడం వంటివి అన్నీ కలిపి చూస్తే 39 శాతం తక్కువగా నమోదయ్యాయి. పేటెంట్ గడువు ముగియడంతో మన దేశంలో పలు కంపెనీలు దీన్ని తయారు చేస్తున్నాయి. ధర కూడా బాగా తగ్గింది. ఇది తమకు తగునో లేదో రోగులు వైద్యుడిని అడగవచ్చు.

కిలో ఉప్పు ఎన్నాళ్లు?

ఒక్కరు రోజుకు తీసుకునే ఉప్పు అయిదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచా. కూర, పప్పు, పచ్చడి, మజ్జిగ అన్నింటిలో వేసేదీ కలిపే ఈ లెక్క. ఇంట్లో తూకం వేయడం కుదరదు కాబట్టి మరో విధంగా చూడవచ్చు. అయిదుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ఉప్పు పొట్లం కనీసం 40 రోజులు రావాలి. 20 రోజులకే అయిపోతుంటే రెట్టింపు తింటున్నట్లే. ఏటా పెట్టుకునే ఊరగాయల ఉప్పును కూడా ఇందులో కలపాలి.

జొన్నరొట్టె మన ప్రాంతానికి దక్కిన వరం. పిండిలో ఉప్పు వేయకుండానే రొట్టె చేసుకోవచ్చు. చిక్కంతా రొట్టెలోకి నంజుకునే ఊరుమిండి, పండుమిరప పచ్చడి, కారం పొడులతోనే. ఉగ్గానికి వాడే బొరుగుల తయారీలోనే ఉప్పు కలుస్తుంది. పక్కన తినే బజ్జీలోనూ ఉప్పు, సోడా ఉంటాయి. అప్పడాలు, వడియాలు, కారాసు, మిక్చర్ పొట్లాలు, ఎండు చేపలదీ ఇదే తీరు. నిమ్మరసం, చింతపండు పులుపు, వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలతో రుచి పెంచుకుంటూ నెలరోజుల్లో ఉప్పును కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక దానికి అలవాటు పడుతుంది.

మార్కెట్లో బీపీ రోగుల కోసమంటూ అమ్మే తక్కువ సోడియం ఉప్పు కిడ్నీ రోగులకు పనికిరాదు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేకపోతే అది గుండె లయను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఇలాంటి ఉప్పుపై 2025 జనవరిలో మార్గదర్శకాలు వెలువరించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కిడ్నీ జబ్బు ఉన్నవారిని వాటి నుంచి మినహాయించింది. సైంధవ లవణం మంచిదన్న ప్రచారాన్నీ నమ్మరాదు. అందులోనూ ఉన్నది ప్రధానంగా సోడియమే.

పండ్లు, కొబ్బరినీళ్లు అందరూ మానాల్సిన పని లేదు. పరీక్షలో పొటాషియం ఎక్కువగా ఉందని తేలినవారే వాటిని తగ్గించాలి. పప్పు, గుడ్డు, మాంసం పూర్తిగా మానేయడం కూడా పొరపాటే. బరువులో కిలోకు 0.8 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 60 కిలోల మనిషికి ఇది 48 గ్రాములు. అన్నీ మానేస్తే కండ కరిగి నీరసిస్తారు.

నొప్పి మాత్రతో చేటు

రోజంతా వంగి పత్తి తీసేవారికి, గుంట మగ్గంపై కూర్చునే ఎమ్మిగనూరు నేతన్నలకు నడుము, మోకాళ్ల నొప్పులు నిత్యకృత్యం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీకి రక్తసరఫరాను తగ్గిస్తాయి. ఉప్పును నిల్వ ఉంచి బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్ వంటి మందు, నీరు పోయే మందు వాడేవారు వీటిని కూడా తీసుకుంటే కిడ్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేసే ప్రమాదం ఉంది. ఎండలో చెమటలు కక్కుతూ పనిచేసే రోజుల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సూదిమందు వేయించుకునేటప్పుడు కిడ్నీ జబ్బు ఉందని ముందే చెప్పాలి. నొప్పికి పారాసిటమాల్ తగిన మోతాదులో కొంత సురక్షితం. కాపడం, నూనె మర్దన, మధ్యమధ్య విశ్రాంతి మేలు చేస్తాయి. పేరు, పాళ్లు తెలియని భస్మాలు, నాటు మందులు వాడరాదు. వాటిలో కొన్నింటిలో సీసం, పాదరసం వంటి లోహాలు ఉంటాయి.

నీళ్లు ఎంత ఎక్కువ తాగితే కిడ్నీ అంత శుభ్రమవుతుందన్నది అపోహ. దాహానికి తగినట్లు తాగాలి. ఎండలో పనిచేసేవారు పొలానికి నీళ్లు వెంట తీసుకెళ్లి కొద్దికొద్దిగా తాగుతుండాలి. కాళ్లవాపు, ఆయాసం ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలతనే పాటించాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోతుంది. ఆ ఒకటి రెండు రోజులు టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి, నీరు పోయే మందులు, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే వైద్యుడిని అడిగి రాయించుకోవాలి.

సుగ్గికి వెళ్లే ముందు

* బయలుదేరే వారం ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ చూపించుకుని, ఎన్ని నెలలు వెళ్తున్నారో చెప్పి అన్నాళ్లకు సరిపడా మందులు అడగాలి.
* అన్ని నెలలకు ఇవ్వలేకపోతే మందుల చీటీ, చివరి రిపోర్టుల నకళ్లు ప్లాస్టిక్ కవరులో పెట్టి వెంట ఉంచుకోవాలి. చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఇంకా మేలు. పనికి వెళ్లిన చోట సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో చూపి మందులు అడగవచ్చు. జనఔషధి దుకాణాల్లోనూ ఇవి తక్కువ ధరకు దొరుకుతాయి.
* చీటీపై మందు అసలు పేరు, మోతాదు రాయించుకోవాలి. కంపెనీ మారితే రంగు, ఆకారం మారవచ్చు, మందు అదే.
* మాత్ర వేళను రోజూ తప్పక చేసే పనితో ముడిపెట్టాలి. పొద్దున పనికి బయలుదేరే ముందు వేసుకుంటే మరిచిపోరు.
* గుడారంలో మందులు ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి.
* ఊళ్లోనే ఉండిపోయే వృద్ధుల మందుల బాధ్యతను ఇంటి పక్కవారికో, ఆశా కార్యకర్తకో అప్పగించి వెళ్లాలి.

ఆలస్యం చేయరాదు

బీపీ 180/120 దాటి, దాంతోపాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, కాలూచేయీ పడిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి. మూత్రం ఒక్కసారిగా తగ్గిపోయినా, కండరాలు బాగా నీరసించి గుండె దడగా ఉన్నా తాత్సారం చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

నాలుగో దశకు చేరినవారు ఎడమచేతి నరాల్లో సూదులు వేయించుకోకుండా చూసుకోవాలి. కుడిచేతి వాటం ఉన్నవారికి ముందు ముందు డయాలసిస్ అవసరమైతే ఆ చేతి నరాలే ఆధారం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం కింద పేదలకు డయాలసిస్ ఉచితంగా అందుతోంది. డయాలసిస్ రోగుల పింఛనును 2019లో నెలకు రూ.10 వేలకు పెంచారు. అయినా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు యంత్రం పక్కన గడపాల్సిన మనిషి సుగ్గికి వెళ్లలేరు, పొలం పని చేయలేరు. వెంట వెళ్లే కుటుంబ సభ్యుడి కూలీ కూడా పోతుంది. పథకం ఖర్చు భరిస్తుందే గానీ పోయిన పనిదినాలను తిరిగి ఇవ్వదు.

ఆ రోజు రాకుండా చూసుకోవడానికి, వచ్చినా వీలైనన్ని ఏళ్లు వెనక్కి నెట్టడానికి రోజూ వేసుకునే చిన్న మాత్ర, తగ్గించిన చెంచాడు ఉప్పు, ఏడాదికోసారి చేయించుకునే రెండు పరీక్షలు ఎంతగానో తోడ్పడతాయి. ఈసారి సుగ్గి మూట కట్టేటప్పుడు బియ్యం సంచికంటే ముందు మందుల పొట్లం సర్దుకోవాలి.